బేస్ ఎక్కువగా ఉండే ఎలక్ట్రానిక్ సంగీతానికి ఎలాంటి హెడ్‌ఫోన్స్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు ఎక్కువగా టెక్నో, డబ్‌స్టెప్, డ్రమ్ అండ్ బేస్ వింటారు. ‘ఎక్స్‌ట్రా బేస్’ అని డబ్బా మీద రాసి ఉన్న హెడ్‌ఫోన్స్ కొన్నారు. బేస్ అయితే వస్తోంది కానీ కుండలో తల పెట్టి విన్నట్టుంది, అరగంటకే తల బరువెక్కుతోంది, అయినా క్లబ్‌లో విన్న ఆ లోతు మాత్రం లేదు. ఈసారి పెద్ద డ్రైవర్ (కప్పులో శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) ఉన్నది కొనాలా, ఓపెన్ బ్యాక్ కొనాలా, ఆంప్లిఫయర్ కూడా కావాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. చెవి మొత్తాన్ని కప్పి, మీ తలకు గాలి చొరకుండా అతుక్కునే క్లోజ్డ్ బ్యాక్ (కప్పు వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్స్ తీసుకోండి. లేదా చెవిలో బిగుతుగా కూర్చునే మంచి ఇన్‌ఇయర్ తీసుకోండి. తర్వాత ఈక్వలైజర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా రావాలో మార్చుకునే సెట్టింగ్, దీన్నే ఈక్యూ అంటారు) 100 హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే కొలత) కింద మాత్రమే 4 నుంచి 6 డెసిబెల్స్ పెంచుకోండి. డ్రైవర్ సైజు చూసి కొనకండి. ఆంప్లిఫయర్ మీకు బహుశా అక్కర్లేదు. ఓపెన్ బ్యాక్ గురించి కింద చెబుతాను, అందులో ఒక మినహాయింపు ఉంది.

నేను పదిహేనేళ్లుగా ట్రాక్‌లు మిక్స్ చేస్తున్నాను, అప్పుడప్పుడు డీజేగా కూడా వాయిస్తాను. మీరు చెప్పిన తలబరువు నాకు బాగా తెలుసు. నా మొదటి ‘బేస్’ హెడ్‌ఫోన్స్‌తో ఒక ట్రాక్ మిక్స్ చేసినప్పుడు బేస్ మరీ ఎక్కువైపోయిందనిపించి తగ్గించాను, ఇంకా తగ్గించాను. ఆ ట్రాక్‌ని పెద్ద స్పీకర్లున్న హాల్లో వేస్తే కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) తప్ప కింద ఏమీ లేదు! హెడ్‌ఫోన్స్ నాకు చూపించింది వేరే బేస్, నేను తీసేసింది వేరే బేస్. కారణం తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

అసలు విషయం ఏంటంటే, మనం ‘బేస్’ అని ఒక్క మాటలో చెప్పేది నిజానికి రెండు వేర్వేరు వస్తువులు. సుమారు 20 నుంచి 60 హెర్ట్జ్ వరకు ఉండేది సబ్ బేస్. అది చెవికి వినిపించేదానికంటే ఎక్కువగా ఒత్తిడిలా తెలుస్తుంది. 60 నుంచి 250 దాకా ఉండేది మిడ్ బేస్. ‘దబ్’ మన్న దెబ్బ, గిటార్ తీగల బరువు, మగ గొంతులో గాంభీర్యం అన్నీ అక్కడే ఉంటాయి. డ్రమ్ అండ్ బేస్‌లో సబ్ లైను చాలాసార్లు ఎఫ్, జి స్వరాల దగ్గర తిరుగుతుంది, అంటే 43 నుంచి 49 హెర్ట్జ్. టెక్నో, హౌస్ కిక్‌ల అడుగుభాగం కూడా ఎక్కువగా 50, 60 చుట్టుపక్కలే. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ కిక్‌ని పొడవుగా సాగదీస్తే ఆ తోక దాదాపు శుద్ధమైన ఒకే స్వరంలా వినిపిస్తుంది. ఈనాటి బేస్ సంగీతంలో సగం అక్కడి నుంచే పుట్టిందని నా అభిప్రాయం.

చౌకగా ‘బేస్’ చూపించాలనుకునే తయారీదారు ఏం చేస్తాడు? 40 హెర్ట్జ్ దగ్గర లోతు తేవడం కష్టం కాబట్టి 120, 200 దగ్గర శబ్దాన్ని ఎత్తి గూని పెడతాడు. షాపులో అర నిమిషం వింటే భలే ఉందనిపిస్తుంది. ఇంటికి తెచ్చి గంట వింటే గొంతులు, హై హ్యాట్లు, సింథ్‌లు అన్నీ దుప్పటి కింద దాక్కుంటాయి. దీనికి చెవి తీరు కూడా కారణమే. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం గట్టిగా ఉంటే అది తన పైనున్న శబ్దాలను కప్పేస్తుంది. కింది శబ్దం పైవాటిని కప్పినంతగా పై శబ్దం కిందివాటిని కప్పలేదు. గొంతు సరిగా వినిపించడం లేదని మనం వాల్యూమ్ పెంచుతాం, దాంతోపాటు ఆ గూని కూడా పెరుగుతుంది. మీ తలబరువులో పెద్ద వాటా దీనిదే అనుకుంటున్నాను. మిగతాది హెడ్‌బ్యాండ్ బిగుతు కావచ్చు.

‘అయినా నాకు సబ్ బేస్ వినిపిస్తూనే ఉందే’ అంటారేమో. మెదడు మనల్ని కాస్త మోసం చేస్తుంది. 50 హెర్ట్జ్ స్వరం వాయిస్తే దాంతో పాటు 100, 150, 200 హెర్ట్జ్ దగ్గర హార్మోనిక్స్ అనే పై స్వరాలు కూడా చాలాసార్లు ఉంటాయి. అడుగున ఉన్న 50 అసలు రాకపోయినా, మిగతావాటిని బట్టి మెదడు ఆ స్వరాన్ని ఊహించేసుకుంటుంది. ఫోన్ స్పీకర్లో కూడా బేస్ లైను ఏ రాగంలో పోతోందో తెలిసేది ఇందుకే. ట్రాక్‌లు చేసేవాళ్లు సబ్ మీద కావాలనే కొంచెం డిస్టార్షన్ (శబ్దాన్ని కాస్త చెదరగొట్టడం) వేస్తారు, చిన్న స్పీకర్లలో కూడా దాని ఆనవాలు తెలియాలని. స్వరం తెలుస్తుంది కానీ బరువు ఉండదు. మీరు ‘లోతు లేదు’ అన్నది దీన్నే.

ఇక డ్రైవర్ సైజు. 50 మిల్లీమీటర్ల డ్రైవర్ అంటే 40 దానికంటే ఎక్కువ బేస్ ఇస్తుందని చాలామంది నమ్ముతారు. గదిలో ఉండే స్పీకర్‌కి ఆ లెక్క కొంతవరకు నిజం. ఖాళీ గాలిలో ఒక ఆక్టేవ్ (అంటే సగం ఫ్రీక్వెన్సీకి) కిందికి దిగి అంతే గట్టిగా మోగాలంటే స్పీకర్ కోను నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. అందుకే వూఫర్లు అంత పెద్దగా ఉంటాయి. హెడ్‌ఫోన్ కథ వేరు. చెవి చుట్టూ మూసుకున్న ఆ చిన్న జాగాలో ఉన్న గాలిని డ్రైవర్ పిస్టన్‌లా నొక్కుతుంది. ఆ జాగా పూర్తిగా మూసి ఉంటే 100 హెర్ట్జ్‌కి ఎంత కదిలిందో 30 హెర్ట్జ్‌కి కూడా అంతే కదిలితే సరిపోతుంది. అందుకే చెవిలో పెట్టుకునే 10 మిల్లీమీటర్ల బుల్లి డ్రైవర్ కూడా 20 హెర్ట్జ్ దాకా తగ్గకుండా దిగిపోగలదు.

అయితే ఆ జాగాకి ఎక్కడైనా సందు ఉందంటే, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ముందుగా పోయేది కింది బేసే. మీ తల మీద సీల్ ఎలా ఉందన్నదే బేస్‌ని నిర్ణయిస్తుంది, డబ్బా మీద రాసింది కాదు. మా స్నేహితుడొకడు నా దగ్గర విని నచ్చి అదే మోడల్ కొనుక్కున్నాడు. వారం తర్వాత ‘నాకు డూప్లికేట్ అంటగట్టారు, బేసే లేదు’ అని పట్టుకొచ్చాడు. నా తల మీద పెట్టుకుంటే బ్రహ్మాండంగా ఉంది. వాడి కళ్లద్దాల కాడలు లావుగా ఉండి ప్యాడ్‌కి, కణతకి మధ్య సందు చేస్తున్నాయి. అద్దాలు తీసి వినమన్నాను. ముఖం వెలిగిపోయింది. తర్వాత వాడు సన్నటి కాడలున్న ఫ్రేమ్ చేయించుకున్నాడు, హెడ్‌ఫోన్స్ కోసం కళ్లద్దాలు మార్చినవాణ్ని నేను వాణ్నొక్కణ్నే చూశాను. గుబురు జుట్టు, గడ్డం, దవడ కింద పల్లం, పెద్ద చెవి దొప్పలు ఇవన్నీ కూడా అదే పని చేస్తాయి.

కొనేముందు పెట్టుకుని చూసే అవకాశం ఉంటే ఈ పరీక్ష చేయండి. బేస్ ఆగకుండా మోగే ట్రాక్ పెట్టి, రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా తలకి నొక్కండి. గట్టిగా అదమకండి, ఆనించినట్టు చాలు. బేస్ ఒక్కసారిగా ఉబికి వచ్చిందంటే ఆ హెడ్‌ఫోన్స్ మీ తలకి సరిగా అతకడం లేదన్నమాట. పెద్ద తేడా లేకపోతే సీల్ బాగుంది. పదేళ్లుగా నేను ఇదే వాడుతున్నాను, రివ్యూలు చదవడం కంటే ఇది నయం.

రెండో పరీక్ష ఇంట్లో చేసేది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా పెట్టుకోండి. వాల్యూమ్ మధ్యస్థంగా ఉంచి 200 హెర్ట్జ్ నుంచి మెల్లగా కిందికి దిగండి. 100, 80, 60, 50, 40, 30. చెవికి సహజంగానే కింది శబ్దాలు తక్కువగా వినిపిస్తాయి కాబట్టి కొంత తగ్గడం మామూలే. గమనించాల్సింది రెండు విషయాలు. ఎక్కడైనా హఠాత్తుగా ఉబ్బుతోందా? 60 కిందికి దిగాక హఠాత్తుగా మాయమైపోతోందా? మీ ఇప్పటి హెడ్‌ఫోన్స్‌లో ఈ రెండూ ఉంటాయని నా అనుమానం. టోన్‌తో పాటు గరగర, బుర్రుబుర్రుమనే చప్పుడు వస్తే అది డిస్టార్షన్. కప్పులో వెంట్రుక పడినా అలాగే మోగుతుంది, ముందు అది చూసుకోండి. టోన్ పరీక్షలో వాల్యూమ్ పెంచుకుంటూ పోకండి. వినిపించడం లేదని పెంచి, పొరపాటున వేలు జారి 1000 హెర్ట్జ్‌కి వెళ్లిందంటే చెవి అదిరిపోతుంది.

ఓపెన్ బ్యాక్ సంగతి. కప్పు వెనక జాలీలా తెరిచి ఉండే రకం ఇవి. శబ్దం విశాలంగా, గాలి ఆడుతున్నట్టు ఉంటుంది, చెవి వేడెక్కదు. నేను మిక్సింగ్‌లో గొంతు, రివర్బ్ సరిచూడడానికి ఇవే వాడతాను. కానీ మామూలు డైనమిక్ డ్రైవర్ ఉన్న ఓపెన్ బ్యాక్‌లలో చాలావాటికి సుమారు 70, 80 హెర్ట్జ్ కింద బేస్ జారిపోతుంది. 1997లో వచ్చి ఇప్పటికీ అందరూ మెచ్చుకునే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కూడా అంతే. గొంతుకి, గిటార్‌కి అద్భుతం, డబ్‌స్టెప్‌కి కాదు. ఇక్కడే ఇందాక చెప్పిన మినహాయింపు: ప్లేనార్ మాగ్నెటిక్ రకం. వీటిలో కోను బదులు అయస్కాంతాల మధ్య పల్చటి పొర ఉంటుంది, ఆ పొర మీదే తీగ పరిచి ఉంటుంది. ఆడిజీ, హైఫైమాన్ వంటి కంపెనీలు వీటికి పేరు పొందాయి. మంచి ప్లేనార్ వెనక తెరిచి ఉన్నా, చెవి వైపు సీల్ బాగుంటే సబ్ బేస్ దాదాపు చదునుగా కిందిదాకా వెళుతుంది, ఈక్యూతో పెంచినా త్వరగా చితికిపోదు. కానీ బరువుంటాయి. మీకు తలబరువు ఇప్పటికే ఉంది కాబట్టి పెట్టుకుని చూడకుండా కొనొద్దు. ఓపెన్ బ్యాక్ ఏదైనా సరే, పక్కవాళ్లకి మీ పాట మొత్తం వినిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

క్లోజ్డ్ బ్యాక్‌లో పేర్లు అడుగుతారు కాబట్టి చెబుతాను. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో స్టూడియోల్లో ఏళ్ల తరబడి నలిగిన మోడల్. సబ్ బేస్ బాగా దిగుతుంది, పై ఫ్రీక్వెన్సీలు కాస్త పదునుగా ఉంటాయి, ఈక్యూలో కొద్దిగా దించుకుంటే సరి. ఇది 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది (ఓమ్‌లలో చెప్పే ఈ విద్యుత్ నిరోధాన్నే ఇంపీడెన్స్ అంటారు). ఫోన్, ల్యాప్‌టాప్‌తో వినేవాళ్లు 250 జోలికి పోవద్దు. ఇంకొకటి ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్. అది 38 ఓమ్‌లే, దేంతోనైనా మోగుతుంది. డీజేల మెడలో మీరు చూసే సెన్‌హైజర్ హెచ్‌డీ 25 చెవి మీద ఆనేరకం. గోల మధ్యలో కిక్ పట్టుకోవడానికి దానికి సాటి లేదు కానీ తలని గట్టిగా పట్టుకుంటుంది. ఇంట్లో రెండు గంటలు వినడానికి నేను సిఫారసు చేయను.

ఇన్‌ఇయర్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు. ఈ సంగీతానికి పెట్టిన ఖర్చుకి ఎక్కువ బేస్ ఇచ్చేవి నా లెక్కలో ఇవే, ఎందుకంటే సీల్ చెవి లోపలే జరిగిపోతుంది. అయితే పెట్టెలో వచ్చే రబ్బరు మొనల్లో మధ్య సైజే మీదని అనుకోవద్దు. నా ఎడమ చెవికి మధ్య సైజు, కుడి చెవికి పెద్ద సైజు కావాలి. ఇది కనిపెట్టేదాకా కుడి వైపు డ్రైవర్ పాడైందనే నమ్మాను, దాన్ని మార్చమని అడిగాను కూడా. రబ్బరు నిలవకపోతే ఫోమ్ మొనలు ప్రయత్నించండి.

నాయిస్ క్యాన్సిలింగ్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాల్సిన మాట ఒకటుంది. బస్సు, రైలు, విమానం గుయ్‌మనే హోరు సరిగ్గా సబ్ బేస్, మిడ్ బేస్ ఉన్న చోటే ఉంటుంది, అక్కడే మీ బేస్‌ని మింగేస్తుంది. క్యాన్సిలింగ్ బాగా పనిచేసేది కూడా ఆ కింది భాగంలోనే. కాబట్టి ప్రయాణాల్లో వినేవాళ్లకి మామూలు హెడ్‌ఫోన్స్‌లో బేస్ పెంచడం కంటే ఇది మేలు. పైగా చాలా మోడళ్లలో కప్పు లోపల మైక్ ఉండి లోపలి శబ్దాన్ని ఎప్పటికప్పుడు సరిచేస్తుంది కనుక కళ్లద్దాల సందు వల్ల పోయే బేస్‌ కొంత తిరిగొస్తుంది. బ్లూటూత్ వల్ల బేస్ తగ్గుతుందన్న భయం అనవసరం. పంపేందుకు శబ్దాన్ని కుదించడం వల్ల నష్టం జరిగితే అది ముందు తెలిసేది పైభాగంలోనే. మీరు ట్రాక్‌లు చేయాలనుకుంటే మాత్రం వైరు ఉన్నదే తీసుకోండి. కీబోర్డ్ నొక్కిన తర్వాత బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తే పిచ్చెక్కుతుంది.

ఆంప్లిఫయర్ బేస్‌ని పుట్టించదు. వాల్యూమ్ పూర్తిగా పెంచినా చాలడం లేదంటేనే అది కావాలి. పాత స్టీరియో రిసీవర్ల హెడ్‌ఫోన్ సాకెట్‌లో పెడితే కొన్నింటికి బేస్ పెరిగినట్టు అనిపిస్తుంది, నిజంగానే కొంత పెరుగుతుంది. ఆ సాకెట్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ కావడం, హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ బేస్ ప్రాంతంలో ఉబ్బి ఉండడం దానికి కారణం. అక్కడ పెరిగేది కూడా మళ్లీ ఆ గూనే, లోతు కాదు. డబ్బా మీద ‘5 హెర్ట్జ్ నుంచి 30 కిలోహెర్ట్జ్’ అని ఉండే అంకెలు కూడా పట్టించుకోకండి. ఎన్ని డెసిబెల్స్ తేడాలో అని చెప్పనంతవరకు వాటికి అర్థం లేదు.

ఈక్యూ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే సగం మందికి కొత్త హెడ్‌ఫోన్స్ అవసరం లేకుండా పోయేది ఇక్కడే. ఫోన్‌లో ఉండే ‘బేస్ బూస్ట్’ బటన్ వాడొద్దు. చాలా వాటిలో అది 200 దాటి కూడా ఎత్తేస్తుంది. పారామెట్రిక్ ఈక్వలైజర్ (ఫ్రీక్వెన్సీని మనమే ఎంచుకోగలిగేది) పెట్టుకుని లో షెల్ఫ్ ఫిల్టర్‌ని (ఒక హద్దు కింద ఉన్నదంతా కలిపి ఎత్తేది) 100 హెర్ట్జ్ దగ్గర ఉంచి 5 డెసిబెల్స్ పెంచండి. 200 నుంచి 250 మధ్య 2 డెసిబెల్స్ తగ్గించి చూడండి. ఆ చిన్న కోతే దుప్పటి తీసేసినట్టు ఉంటుంది. ప్రీయాంప్ (మొత్తం శబ్దం స్థాయి) అనే చోట మైనస్ 5 పెట్టడం మరచిపోవద్దు, లేకపోతే శబ్దం పగులుతుంది, జనం హెడ్‌ఫోన్స్‌ని తిడతారు. 6 డెసిబెల్స్ పెంచడమంటే డ్రైవర్ కదలిక రెట్టింపు చేయడమే కాబట్టి 10, 12 దాకా లాగొద్దు. ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్ట్‌లో వేల మోడళ్లకి కొలిచి తీసిన సెట్టింగులు ఉన్నాయి, మీ మోడల్ ఉంటే దానితో మొదలుపెట్టి షెల్ఫ్ ఒక్కటీ మీ ఇష్టానికి మార్చుకోండి.

తక్కువ వాల్యూమ్‌లో బేస్ మాయమవడం మీ హెడ్‌ఫోన్స్ తప్పు కాదు. 1933లో ఫ్లెచర్, మున్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచారు, తర్వాత ఇలాంటి కొలతలతో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. 1000 హెర్ట్జ్ శబ్దం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో, 50 హెర్ట్జ్ అంత గట్టిగా వినిపించాలంటే సుమారు 78 కావాలి. గట్టిగా వినేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. అందుకే రాత్రి మెల్లగా వినేటప్పటికి ఒక ఈక్యూ, పగటికి ఒకటి పెట్టుకుంటాను, రాత్రి దాంట్లో షెల్ఫ్ 3 డెసిబెల్స్ ఎక్కువ. ఇది వాల్యూమ్ పెంచడం కంటే మంచిది. పెద్దలకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 89కి వచ్చేసరికి వారానికి 5 గంటలే. విన్నాక చెవిలో గుయ్‌మంటే ఆ రోజుకి ఆపేయండి.

క్లబ్ మాటకొస్తే, అక్కడ మీరు విన్నదాంట్లో కొంత చెవితో విన్నది కాదు. 50 హెర్ట్జ్ తరంగం దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది, అది ఛాతీని, నేలని కదిలిస్తుంది. ఏ హెడ్‌ఫోనూ అది ఇవ్వదు. కప్పులో వైబ్రేటర్ పెట్టిన మోడళ్లు ఉన్నాయి. సినిమాలకి సరదాగా ఉంటాయి, కానీ నేను విన్నవాటిలో బేస్ లైను ఏ స్వరంలో ఉన్నా ఒకేలా వణుకుతున్నాయి. ‘ఫాస్ట్ బేస్’ అనే మాట కూడా మీకు తగులుతుంది. చాలాసార్లు దాని అర్థం మిడ్ బేస్ తక్కువగా ఉందని మాత్రమే. దాన్ని తేల్చుకోవడానికి సైడ్‌చెయిన్ ఉన్న హౌస్ ట్రాక్ పెట్టండి. కిక్ పడిన ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తలొంచి మళ్లీ లేవాలి. ఆ ఊపిరి మీకు స్పష్టంగా తెలుస్తుంటే ఆ హెడ్‌ఫోన్స్ బాగున్నట్టే.

ఇంకొకటి, మీవి పాతవైతే ప్యాడ్‌లు చూడండి. నావి ఒకసారి మూడేళ్లకి బేస్ పోగొట్టుకున్నాయి, డ్రైవర్ పోయిందనుకుని కొత్తవి వెతుకుతున్నాను. ఫోమ్ అప్పడంలా అణిగిపోయి, పైపూత పగిలి గాలి పోతోంది, అంతే. ప్యాడ్‌లు మార్చగానే బేస్ తిరిగొచ్చింది. మార్చేటప్పుడు అదే కంపెనీవి, అదే రకంవి వేయండి. తోలు బదులు వెల్వెట్ గుడ్డవి వేస్తే చల్లగా ఉంటాయి కానీ చాలాసార్లు బేస్ కొంత తగ్గుతుంది.

మీరు కళ్లద్దాలు పెట్టుకుంటారో లేదో, ఎక్కువగా ఇంట్లో వింటారో ప్రయాణంలో వింటారో రాయలేదు. ముందు ఆ టోన్ పరీక్ష, ఈక్యూ మీ ఇప్పటి వాటి మీదే చేసి, 40, 50 హెర్ట్జ్ దగ్గర ఏం వినిపించిందో ఈ రెండు వివరాలతో పాటు కింద రాయండి. దాన్ని బట్టి క్లోజ్డ్ బ్యాకా, ఇన్‌ఇయరా అన్నది ఇంకాస్త గట్టిగా చెప్పగలను.